మొదలుపెట్టింది నిలవాలంటే: విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్లుగా బైబిల్ స్టడీ గుంపుల్లో కూర్చుంటున్నాను. అక్కడ అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇది: “మొదలైతే పెడతాను, నిలబడలేకపోతున్నాను.” ప్రార్థన గురించి మాత్రమే అనరు. చదువు, ఉద్యోగం, కోపం తగ్గించుకోవడం, డబ్బు విషయంలో జాగ్రత్త, అన్నిటి గురించీ అదే మాట, అదే బాధ. ఆ బాధ నాకు తెలుసు. దాని వెంట వచ్చే ప్రశ్నలనూ, వాక్యంలో నాకు దొరికిన జవాబులనూ ఇక్కడ రాస్తున్నాను.

నిలకడ అంటే ఒక్కరోజు కూడా తప్పకపోవడమా?

నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. వాక్యం చదివిన ప్రతిరోజూ క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకునేవాణ్ని. వరుసగా నలభై టిక్కులు పడ్డాక జ్వరం వచ్చి ఒక గడి ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీని చూడలేక ఆ నెలంతా బైబిల్ తెరవలేదు. అన్నాళ్లూ నేను కాపాడుకుంటూ వచ్చింది ఆ టిక్కుల వరుసనే అని తర్వాత అర్థమైంది. దేవునితో సహవాసాన్నే కాపాడుకుంటూ ఉంటే, జ్వరం తగ్గిన రోజే మళ్లీ ఆయన దగ్గర కూర్చునేవాణ్ని.

సామెతలు 24:16 చూడండి. నీతిమంతుడు పడడని అక్కడ రాసి లేదు. “ఏడుమారులు పడినను తిరిగి లేచును” అని ఉంది. పేతురు ఒకే రాత్రి మూడుసార్లు ప్రభువును ఎరుగనన్నాడు. యోహాను 21వ అధ్యాయంలో ప్రభువు అతన్ని నిలబెట్టి లెక్కలు అడగలేదు. ముందు తినడానికి పిలిచాడు, ఆ తర్వాత “నన్ను ప్రేమించుచున్నావా?” అని మూడుసార్లు అడిగి, పని అప్పగించాడు. కాబట్టి మిమ్మల్ని మీరు కొలుచుకోవాలనుకుంటే ఎన్ని రోజులు తప్పలేదో లెక్కపెట్టకండి. తప్పిన తర్వాత ఎంత త్వరగా తిరిగి వస్తున్నారో చూసుకోండి. మొదట్లో నాకు నెల పట్టేది, తర్వాత వారం, ఇప్పుడు చాలాసార్లు మర్నాడే వస్తున్నాను. దాన్ని ఎదుగుదల అనే అంటాను.

రక్షణ కృప వల్లే కదా? మరి ఈ క్రమశిక్షణ అంతా సొంత ప్రయత్నం కాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది నిజాయితీగానే అడుగుతారు, ఎందుకంటే వాళ్లు ఎక్కడో అలసిపోయి ఉంటారు. రోజూ ప్రార్థన చేస్తేనే దేవుడు ప్రేమిస్తాడనీ, మానేస్తే ఆయన ముఖం తిప్పుకుంటాడనీ లోలోపల ఒక భయం ఉంటుంది. ఆ భయంతో మొదలుపెట్టిన ఏ అలవాటూ ఎక్కువకాలం నిలవదు, నిలిచినా సంతోషం ఇవ్వదు.

పౌలు ఫిలిప్పీయులకు రాస్తూ, మీ రక్షణను కొనసాగించుకోండి అని చెప్పిన వెంటనే దానికి కారణం కూడా చెప్పాడు: మీలో ఇష్టాన్నీ పుట్టించి, దాన్ని జరిగించేదీ దేవుడే (2:12, 13). ఈ రెండు వచనాలూ విడదీస్తే చిక్కే. మొదటిదొక్కటే పట్టుకున్నవాళ్లు అలసిపోతారు. రెండోదొక్కటే పట్టుకున్నవాళ్లు ఏమీ చేయకుండా కూర్చుంటారు.

నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చేది మన నిలకడ గురించి చెప్పిన వచనం కాదు. దేవుని నిలకడ గురించి చెప్పింది. “అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది” అని విలాపవాక్యములలో ఉంది. యెరూషలేము పాడైపోయి కళ్ల ముందే శిథిలాలు ఉన్నప్పుడు రాసిన మాట అది. పొద్దున లేచేసరికి ఆయన కనికరం మనకంటే ముందే లేచి ఉంటుంది. దాన్ని అందుకోవడానికి వెళ్లడమే మన క్రమశిక్షణ.

ఎంతసేపటితో మొదలుపెట్టాలి?

మీరు అనుకున్నదానికంటే తక్కువతో. కూటంలో ప్రసంగం విని కదిలిపోయి, “రేపటి నుంచి రోజూ గంట ప్రార్థన” అని తీర్మానం చేసుకున్న వాళ్లను చాలామందిని చూశాను. ఆ తీర్మానం అబద్ధం కాదు, ఆ క్షణంలో వాళ్ల హృదయం నిజంగానే మండుతోంది. కానీ నాలుగో రోజు నిద్ర చాలక, పని ఎక్కువై గంట కుదరదు. గంట కుదరనప్పుడు పది నిమిషాలైనా కూర్చుందామని తోచదు, మొత్తం పోతుంది.

నిర్గమకాండము 16వ అధ్యాయంలో, ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నా అనే ఆహారాన్ని ఎలా ఇచ్చాడో గమనించండి. తలకు ఒక ఓమెరు అనే కొలత, ఆ రోజుకు సరిపడేంత. రేపటికని దాచుకున్నది పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు, విశ్రాంతి దినానికి కూడా కలిపి. ఇశ్రాయేలీయులు 40 ఏళ్లు ఇలాగే బతికారు. దేవుడు కావాలంటే ఏడాదికి సరిపడా ఒకేసారి కురిపించగలడు. అలా చేస్తే వాళ్లు ఏడాదికొకసారి గుడారం నుంచి బయటికి వచ్చి తీసుకుని, మిగతా రోజులు ఆయన వైపు చూసేవాళ్లు కాదేమో. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా అడగమన్నది అనుదినాహారమే.

అందుకే, పది నిమిషాలు. అందులో ఒక చిన్న వాక్యభాగం, దాని గురించి ఒక ఆలోచన, నాలుగు మాటల ప్రార్థన. ఇది మూడు నెలలు నిలిచాక సమయం దానంతటదే పెరుగుతుంది, మీరు పెంచక్కర్లేదు.

పొద్దున్నే చేయాలా? రాత్రి చేస్తే తప్పా?

తప్పేమీ లేదు. ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ప్రార్థన చేసినట్టు మార్కు 1:35లో ఉంది. రాత్రంతా ప్రార్థనలో గడిపినట్టు లూకా 6:12లో ఉంది. దానియేలు రోజుకు ముమ్మారు మోకాళ్లూనాడు. పేతురు, యోహాను మధ్యాహ్నం మూడు గంటల ప్రార్థనకు దేవాలయానికి వెళ్లారు. గడియారంలో ఫలానా గంటే పరిశుద్ధమని ఎక్కడా లేదు.

ఉదయానికి ఒక మేలు ఉంది: ఇంకా ఎవరి ఫోనూ రాలేదు, ఏ గొడవా మొదలవ్వలేదు. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు ఆ మేలు ఉండదు. మీ రోజులో కదలని సమయం ఏదో చూసుకుని దాన్ని ఇవ్వండి.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందంటారు, నిజమేనా?

కాదు. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 96 మందితో ఒక పరిశీలన చేసి ప్రచురించారు. ఒక్కొక్కరు ఏదో ఒక చిన్న పనిని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో, ఉదాహరణకు టిఫిన్ అయ్యాక, చేస్తూ వచ్చారు. ఆ పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి సుమారుగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయింది, కొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని అంచనా వేశారు.

ఇరవై రెండో రోజు ఇంకా కష్టంగానే ఉందని “నాలోనే ఏదో లోపం ఉంది, నాకు ఆత్మీయత లేదు” అని బాధపడే పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. మీలో లోపం లేదు, సమయం ఇంకా రాలేదు, అంతే. ఆ పరిశీలనలోనే తేలింది ఇంకొకటి: మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడానికి పెద్ద నష్టం జరగలేదు. ఆ క్యాలెండర్ రోజుల్లో ఈ ముక్క నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఒకే సందర్భం అన్నది మాత్రం గట్టిగా పట్టుకోండి. “ఖాళీ దొరికినప్పుడు చదువుతాను” అంటే దొరకదు. “ముఖం కడుక్కున్నాక, ఆ కుర్చీలో” అని పెట్టుకుంటే కొన్నాళ్లకు ఆ కుర్చీయే పిలుస్తుంది.

మనసు లేకుండా మొక్కుబడిగా చేస్తున్నట్టుంది. అలాంటప్పుడు మానేయడమే మంచిది కదా?

నన్ను చాలా ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. పెదవులతో ఘనపరచి హృదయం దూరంగా ఉంచుకునేవారిని దేవుడు గద్దించాడు (యెషయా 29:13). కాబట్టి వేషధారణ అనేది నిజమైన ప్రమాదమే. కానీ వేషధారణకూ ఎండిపోవడానికీ తేడా ఉంది. ఎవరో చూడాలని ప్రార్థన చేయడం వేషధారణ. ఎవరూ చూడని గదిలో, మనసులో ఏ కదలికా లేకపోయినా, “ప్రభువా, ఈరోజు నాకు ఏమీ అనిపించడం లేదు, అయినా వచ్చాను” అని కూర్చోవడం నమ్మకత్వం.

కీర్తనకారులు ఇలాగే చేశారు. 42వ కీర్తనలో ఆ భక్తుడు తన ప్రాణంతోనే మాట్లాడతాడు, ఎందుకు కృంగిపోయావని అడుగుతాడు. 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది, ఆఖర్లో కూడా వెలుగు కనిపించదు. అయినా అది దేవుడికి చెప్పుకున్న ప్రార్థన, మన బైబిల్లో ఉంది.

జబ్బుపడిన తల్లికి రోజూ మందు ఇచ్చే కొడుకు ప్రతిరోజూ ప్రేమ పొంగుతూ ఇవ్వడు. కొన్ని రోజులు అలసటతో, కొన్ని రోజులు నిద్రమత్తులో ఇస్తాడు. దాన్ని మొక్కుబడి అని ఎవరూ అనరు.

నాకు అసలు టైమే ఉండదు. ఏం చేయాలి?

దానియేలు ఖాళీగా కూర్చున్న మనిషి కాదు. 120 మంది అధిపతుల మీద ఉన్న ముగ్గురు ప్రధానులలో ఒకడు, అప్పటికి వయసు కూడా బాగా మీదపడింది. 30 రోజులు రాజుకు తప్ప ఎవరికీ మనవి చేయకూడదని శాసనం వచ్చిందని తెలిశాక అతను ఏం చేశాడో చెప్పే వచనంలో ఒక చిన్న పదం ఉంది: “యథాప్రకారముగా”. ఎప్పటిలాగే అని. సింహాల గుహ ముందుండగా కొత్తగా ప్రార్థన మొదలుపెట్టలేదు. ఎన్నో ఏళ్లుగా, ఏ ప్రమాదమూ లేని మామూలు రోజుల్లో వంచిన మోకాళ్లే ఆ రోజూ వంగాయి. ఆపద రోజున మనకు కొత్త బలం ఎక్కణ్నుంచో వస్తుందని అనుకుంటాం. చాలావరకు, మామూలు రోజుల్లో అలవాటైందే అప్పుడు బయటికి వస్తుంది.

అయితే చంటిబిడ్డ ఉన్న తల్లికి ఈ మాట చెప్పి భారం పెంచకూడదు. రాత్రంతా ముక్కలు ముక్కలుగా నిద్రపోయే అమ్మాయిని తెల్లవారుజామునే లేచి గంట ప్రార్థించమనడం నాకు న్యాయంగా అనిపించదు. పాలిచ్చేటప్పుడు ఒక్క వచనం తలుచుకో అమ్మా, చాలు. 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు. మంచంలో ఉన్న పెద్దవాళ్లను చూసుకునేవాళ్లకూ ఇదే చెబుతాను. ఈ కాలం గడుస్తుంది, అప్పుడు మళ్లీ ఎక్కువసేపు కూర్చోవచ్చు.

ఏడాదిలో బైబిల్ మొత్తం పూర్తి చేయాలా?

చేయగలిగితే మంచిదే, చేయకపోతే పాపం కాదు. బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు చొప్పున చదివినా ఏడాది దాటి మరో నెల పడుతుంది. చాలామంది జనవరి 1న ఉత్సాహంగా మొదలుపెట్టి లేవీయకాండము దగ్గర ఆగిపోతారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: ముందు మార్కు సువార్త, 16 అధ్యాయాలే. తర్వాత కొత్త నిబంధన మొత్తం. అందులో 260 అధ్యాయాలు ఉన్నాయి, వారానికి ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం చదివితే సరిగ్గా 52 వారాలు. తప్పిన రోజులు సర్దుకోవడానికి వారంలో రెండు రోజులు మిగులుతాయి. సామెతలు 31 అధ్యాయాలు కాబట్టి తేదీని బట్టి చదువుకోవచ్చు, ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునే పని లేదు.

ప్రార్థనలో మనసు ఎక్కడెక్కడికో పోతుంది, నిద్ర కూడా వస్తుంది.

గెత్సేమనేలో శిష్యులకూ నిద్ర వచ్చింది. ప్రభువు వాళ్లను మెలకువగా ఉండమన్నాడు, ఆ వెంటనే “ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము” అని వాళ్ల పరిస్థితి కూడా ఆయనే చెప్పాడు. ఆ మాటలో ఉన్న దయ చూడండి.

గట్టిగా, నోటితో ప్రార్థించండి. నడుస్తూ చేయండి. పక్కన ఒక కాగితం పెట్టుకోండి, “కరెంటు బిల్లు కట్టాలి” అని గుర్తొస్తే రాసి పక్కన పెట్టేయండి. ఎవరిమీదో కోపం పదేపదే గుర్తొస్తుంటే మాత్రం దాన్ని తోసేయకండి. మీరు ప్రార్థన చేయాల్సింది బహుశా దాని గురించే.

ఫోన్ సంగతి ఒక్క మాటలో చెబుతాను: కాగితపు బైబిల్ వాడండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఫోన్‌లో వాక్యం చదువుదామని తెరిచి ఇంకెక్కడో తేలడం మీకూ జరిగే ఉంటుంది.

ప్రార్థన సరే. ఉద్యోగంలో, చదువులో, ఇంటి పనిలో నిలకడకు విశ్వాసంతో ఏం సంబంధం?

చాలా ఉంది, దీని గురించి సంఘాల్లో తక్కువ మాట్లాడుకుంటాం అనిపిస్తుంది. మళ్లీ దానియేలు దగ్గరికే వెళ్దాం. శత్రువులు అతని ఉద్యోగంలో తప్పు వెతికారు. ఏమీ దొరకలేదు. అతను నమ్మకస్థుడు, ఏ నేరమూ ఏ తప్పూ కనిపించలేదని రాసి ఉంది. కిటికీ దగ్గర మోకాళ్లూనే మనిషి, లెక్కలు చూసే మనిషి ఒక్కడే.

ప్రతిరోజూ ఉదయం కన్నీళ్లతో ప్రార్థన చేసి, తొమ్మిదిన్నరకు వస్తానని పదిన్నరకు వెళితే, తీసుకున్న అప్పు చెప్పిన తేదీకి ఇవ్వకపోతే, పక్కవాళ్లకు మన ప్రార్థన కనపడదు, ఆలస్యమే కనపడుతుంది. “మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు” అని ప్రభువు చెప్పింది ఇలాంటి రోజువారీ సంగతుల గురించి కూడా. నాకు ఒక వ్యక్తి మాట ఇచ్చి చాలాసార్లు తప్పాడు, ప్రతిసారీ “ప్రభువు చిత్తం” అని వాట్సాప్‌లో పెట్టేవాడు. అది చదివినప్పుడు డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధేసింది. ఆ తర్వాత నేను ఇచ్చిన మాటలు కూడా ఒకసారి లెక్క చూసుకున్నాను. కొన్ని సరిచేయాల్సి వచ్చింది.

ఏది చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసం చేస్తున్నట్టు మనస్ఫూర్తిగా చేయమని పౌలు కొలస్సయులకు రాశాడు (3:23). ఆ మాట మొదట విన్నది దాసులు. జీతం, ప్రమోషన్, మెప్పు ఏదీ లేనివాళ్లు. ఎవరూ చూడని పనిని కూడా ఒకరు చూస్తున్నారన్నది వాళ్లకు ఎంత పెద్ద ఆదరణో ఊహించండి. ఎవరూ పొగడకపోయినా నిలబడగలిగే బలం అక్కడి నుంచే వస్తుంది.

ఒంటరిగా నిలబడలేకపోతున్నాను.

ఒంటరిగా నిలబడమని ఎవరూ చెప్పలేదు. ప్రభువే తన వాడుక చొప్పున విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లాడని లూకా 4:16 చెబుతోంది. ఆయనకే ఒక వాడుక ఉందన్నమాట.

1727లో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో మొరేవియన్ అనే క్రైస్తవ సంఘపు విశ్వాసులు ఎడతెగని ప్రార్థన మొదలుపెట్టారు. అది వందేళ్లకు పైగా సాగింది. ఈ మాట వినగానే మనం వాళ్లంతా మహాభక్తులని అనుకుంటాం. ఎలా జరిగిందో చూడండి: మొదట 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు ఒప్పుకున్నారు, ఒక్కొక్కరు రోజులో ఒక గంట చొప్పున పంచుకున్నారు. ఇరవై నాలుగు గంటలూ ఏ ఒక్కరూ ప్రార్థించలేదు.

మీరు కూడా ఒక్క మనిషిని వెతుక్కోండి. వారానికి ఒకసారి “ఎలా నడుస్తోంది?” అని అడిగే అన్నయ్యో, అక్కో. గుంపులో అందరిముందూ ఒప్పుకోవడం కష్టం, ఒక్కరి ముందు సులువు. తిట్టేవాళ్లను కాక, మీతో కలిసి ప్రార్థించేవాళ్లను ఎంచుకోండి.

నెలల తరబడి ఏమీ చేయబుద్ధి కావడం లేదు. ఇది నా అవిశ్వాసమా?

కాకపోవచ్చు. నిద్ర పట్టక, ఆకలి లేక, ఏ పనిమీదా ఆసక్తి లేకుండా వారాలు గడుస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డిప్రెషన్ జబ్బు, దానికి చికిత్స ఉంది. మందు వేసుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ రోజే దగ్గరివాళ్లకు చెప్పండి, వెంటనే సహాయం తీసుకోండి.

ఏలీయా ప్రవక్త ఒక చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ని అడిగాడు. దేవుడు ప్రసంగం చేయలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు, పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ తినిపించాడు. మాట్లాడడం ఆ తర్వాత. 1 రాజులు 19 చదివినప్పుడల్లా, విశ్రాంతి కూడా దేవుడు నేర్పే క్రమంలో భాగమేనని గుర్తొస్తుంది. ఆరు రోజుల పనికి ఒక రోజు విశ్రాంతి పెట్టింది ఆయనే. ఏడు రోజులూ పరిగెత్తేవాళ్లు నిలకడగా ఉన్నట్టు కనిపిస్తారు, కొన్నాళ్లకు కూలిపోతారు.

ఏళ్లుగా చేస్తున్నాను, ఫలితం కనిపించడం లేదు.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్లో దిగాడు. ఆయన పరిచర్యలో మొదటి వ్యక్తి బాప్తిస్మం తీసుకున్నది 1800 డిసెంబరులో. ఏడేళ్లు. ఆ మధ్యలో కొడుకును పోగొట్టుకున్నాడు, భార్య మానసిక వ్యాధితో బాధపడింది. 1812 మార్చి 11న బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో ఆయన మిషన్ అచ్చుకూటం కాలిపోయింది. ఏళ్ల తరబడి చేసిన అనువాదాలు, వ్యాకరణాలు, నిఘంటువు రాతప్రతులు బూడిదయ్యాయి. ఆయన మళ్లీ కూర్చుని రాశాడు. రెండేళ్లకు, 1814లో, ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది. చెప్పులు కుట్టే పనితో జీవితం మొదలుపెట్టిన ఆయన తన గురించి చెప్పుకున్న గొప్ప ఒక్కటే: పట్టిన పనిని వదలకుండా నెమ్మదిగా సాగించగలను అని.

ఫలితం ఎప్పుడు వస్తుందో నేను చెప్పలేను. “మనము అలయక మేలు చేసితిమేని తగినకాలమందు పంట కోతుము” అని గలతీయులకు 6:9లో ఉంది. ఆ తగిన కాలాన్ని నిర్ణయించేది మనం కాదు కాబట్టి కొన్నిసార్లు ఏడుపొస్తుంది. ఆ ఏడుపు కూడా ఆయన దగ్గరే ఏడవండి.

సరే, సోమవారం నుంచి మొదలుపెట్టనా?

ఈ రాత్రే మొదలుపెట్టండి. ఆదికాండము మొదటి అధ్యాయంలో “అస్తమయమును ఉదయమును” అనే వరుసలోనే రోజులు లెక్కపెట్టారు, సాయంత్రం ముందు, ఉదయం తర్వాత. పడుకునే ముందు బైబిల్‌ను మార్కు 1వ అధ్యాయం దగ్గర తెరిచి ఆ కుర్చీ మీద పెట్టండి. ఫోన్‌ను వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి. ఈరోజు జరిగినదాంట్లో ఒకదానికి కృతజ్ఞత చెప్పి, ఒకదానికి క్షమాపణ అడిగి, పడుకోండి.